కలెక్టర్ గారూ, మ్యాపు వెనకున్న ఫైళ్ళు కూడా ఇప్పించండి

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,
మచిలీపట్నం.



కంకిపాడు నుంచి రాస్తున్నాను. ఆఫీసుల్లో జీఐఎస్ అని పిలిచే పని నా వృత్తి. నేల ఎత్తులు, కాలువలు, సర్వే నంబర్లు, ఉపగ్రహ చిత్రాలు ఒకదాని మీద ఒకటి పరిచి లెక్కలు కట్టడంతోనే నా రోజు గడుస్తుంది. మీ బల్ల మీదికి రోజూ వచ్చే మ్యాపుల గురించి ఒక విన్నపం ఉంది. ఇది రైతులు, గ్రామ సర్వేయర్లు, డ్రైనేజీ ఇంజనీర్లు, బందరు రోడ్డు పక్కన ప్లాటు కొనబోతున్నవాళ్ళు కూడా ఆలోచించాల్సిన సంగతి కనుక బహిరంగంగానే రాస్తున్నాను.

విన్నపం ఇదీ. ముంపు, మురుగు, భూసేకరణ, పంటనష్టం, వీటిలో దేనికి మ్యాపు ఆధారమైనా సరే, దాన్ని వెబ్ పేజీలో రంగుల బొమ్మగా చూపి సరిపెట్టకండి. ఆ బొమ్మ ఏ డేటా నుంచి వచ్చిందో, ఏ మెట్ల మీదుగా వచ్చిందో ఫైళ్ళతో సహా బయటపెట్టించండి. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఆ లెక్కను మరొకరు మళ్ళీ కట్టి చూసుకునే వీలు ఉండాలి. అలా కట్టగలిగిన మనుషులు మన జిల్లా ఆఫీసుల్లోనే తయారవ్వాలి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, అమరావతి ఔటర్ రింగ్ రోడ్డు మా మండలం మీదుగా రాబోతోంది. మొత్తం సుమారు 190 కిలోమీటర్ల వలయం. అందులో గన్నవరం వైపు నుంచి కృష్ణానది దాకా దిగే భాగం డెల్టా వాలుకు అడ్డంగా పడుతుంది. ఇక్కడి నీళ్ళు తూర్పుకీ, ఆగ్నేయానికీ పోతాయి. ఉత్తర దక్షిణాలుగా ఒక కట్ట లేచినప్పుడు దాని కింద తూములు ఎక్కడెక్కడ పెట్టారు, ఎంత వెడల్పున పెట్టారు అన్నదాన్ని బట్టే ఆ కట్టకు పడమర ఉన్న ఊళ్ళ గతి ఉంటుంది. రోడ్డు రావద్దని నేను అనడం లేదు. తూముల లెక్క ఎలా కట్టారో మాకు కనబడాలి అంటున్నాను.

2024 సెప్టెంబరు 1 మనందరికీ గుర్తే. బుడమేరు డైవర్షన్ ఛానల్ కట్టకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 1957లో బ్యారేజీ పూర్తయింది మొదలు అంత వరద ఎన్నడూ రాలేదు. వార్తల నిండా విజయవాడే ఉంది, ఉండాల్సిందే. కానీ బుడమేరు విజయవాడతో ఆగిపోదు. ఎనికేపాడు దగ్గర కాలువ కింద అండర్ టన్నెల్‌లో దూరి బయటపడి, మా మండలంలో ఉప్పలూరు, మంతెన దిక్కుగా వచ్చి కొల్లేటికి పోతుంది. పట్నం వదిలించుకున్న నీళ్ళు మా పొలాల పక్కనుంచే వెళ్ళాలి. డెల్టా మురుగునీటి కష్టం కొత్తదేమీ కాదు. 1960ల్లో మిత్ర కమిటీ పరిశీలించింది దీన్నే. అప్పటి ఇంజనీర్లకు ప్రధాన సాధనాలు లెవెలింగ్ యంత్రం, గొలుసు, కాగితమే. ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, డ్రోన్లున్నాయి. అయినా ఒక సామాన్యుడు తన ఊరి ముంపు లెక్కను సరిచూసుకునే అవకాశం మాత్రం పెరగలేదు.

వెబ్ మ్యాపులంటే నాకు చులకన లేదు. ఇస్రో 2009లో భువన్ తెచ్చాక మన దేశపు ఉపగ్రహ చిత్రాలు మామూలు మనుషులకు అందాయి. వరదలో చిక్కుకున్నవాళ్ళకు ఏ దారి తెగిందో, ఏ పునరావాస కేంద్రం దగ్గరో తెలియాలంటే ఫోన్లో తెరుచుకునే మ్యాపే కావాలి. ఒకేసారి వేలమందికి ఒకే సమాచారం చేర్చడం డెస్క్‌టాప్ వల్ల కాదు. సర్వే నంబరు కొట్టి పొలం ఎక్కడుందో చూసుకోవడానికీ, అధికారుల సమావేశంలో జిల్లా మొత్తాన్ని ఒక తెర మీద పరుచుకోవడానికీ వెబ్‌ను మించింది లేదు. చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, చూపించడానికి చేసిన మ్యాపును కొలవడానికి వాడినప్పుడు.

కొలత సంగతే ముందు చెబుతాను. మనం వాడే వెబ్ మ్యాపుల్లో దాదాపు అన్నీ వెబ్ మెర్కేటర్ అనే ఒకే ప్రొజెక్షన్‌లో ఉంటాయి. గుండ్రటి భూమిని చదునుగా పరచడానికి అది ఒక పద్ధతి. తెర మీద జూమ్ చేసుకోవడానికి బాగుంటుంది కానీ, భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ విస్తీర్ణాన్ని సాగదీస్తుంది. కంకిపాడు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఇక్కడ ఆ ప్రొజెక్షన్ అంకెలనే నేరుగా తీసుకుని వైశాల్యం కడితే, ఎకరం పొలం ఎకరా తొమ్మిది సెంట్లుగా వస్తుంది. తొమ్మిది సెంట్లంటే 435 గజాలు. బందరు రోడ్డు మీద అది రెండిళ్ళ స్థలం. మంచి వెబ్ మ్యాపులు కొలత బొత్తాం వెనక ఈ సాగుదలను సరిచేసే ఇస్తాయి. అయితే సరిచేశారో లేదో తెర ముందు కూర్చున్నవాళ్ళకు తెలియదు, అడుగుదామంటే అడిగే చోటు ఉండదు. డెస్క్‌టాప్‌లోనూ అజాగ్రత్తగా చేస్తే ఇదే తప్పు వస్తుంది. కాకపోతే అక్కడ లేయర్ ప్రాపర్టీస్ తెరిస్తే ప్రొజెక్షన్ పేరు కళ్ళెదుట ఉంటుంది. మనకు సరిపడేది యూటీఎం 44వ ఉత్తర జోన్. దాని మధ్యరేఖాంశం 81 డిగ్రీలు, మనం ఆ గీతకు బాగా దగ్గర. పొలాన్ని అందులోకి మార్చి కడితే ఎకరానికి సెంటులో పదోవంతు తేడా కూడా రాదు.

పాత పటాలతో ఇంకో పేచీ ఉంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాభాసం ఆధారంగా గీసినవి. ఇవాళ్టి జీపీఎస్, ఉపగ్రహ చిత్రాలు డబ్ల్యూజీఎస్ 84 ఆధారంగా నడుస్తాయి. మార్పిడి చేయకుండా ఒకదాని మీద ఒకటి పెడితే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుతుంది. వంద మీటర్లు జరిగితే మురుగు కాల్వ ఒక సర్వే నంబరులోంచి ఇంకో సర్వే నంబరులోకి వెళ్ళిపోతుంది. ఎత్తుల్లోనూ ఇదే తంతు. మార్పిడి చేయని జీపీఎస్ రోవర్ రీడింగు చూస్తే కంకిపాడు నేల సున్నా కంటే పదుల మీటర్లు కింద ఉన్నట్టు మైనస్ అంకె కనిపిస్తుంది. ఉపగ్రహం కొలిచే ఎత్తుకూ సముద్రమట్టం నుంచి మన ఇంజనీర్లు కొలిచే ఎత్తుకూ మన దగ్గర అంత ఎడం ఉంది. ఈ మార్పిళ్ళు అన్నీ డెస్క్‌టాప్‌లో పేర్లతో సహా చేసుకోవచ్చు, ఏది వాడామో రాసి పెట్టుకోవచ్చు.

ఇక అసలైన పని, నీళ్ళు ఎటు పోతాయో లెక్క కట్టడం. దీన్ని కాస్త దగ్గరగా చూపించనివ్వండి.

నేల ఎత్తుల పటాలు ఉచితంగానే దొరుకుతాయి. 2000లో అమెరికా షటిల్ రాడార్‌తో తీసిన ఎస్‌ఆర్‌టీఎం, మన కార్టోశాట్-1 చిత్రాల నుంచి హైదరాబాదులోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ తయారుచేసిన కార్టోడెమ్, యూరప్ వాళ్ళ కోపర్నికస్ డెమ్. ఈ మూడూ ఇంచుమించు 30 మీటర్ల గడులుగా వస్తాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిండు నీటిమట్టం 57.05 అడుగులు, అంటే పదిహేడున్నర మీటర్ల లోపు. అక్కడి నుంచి బందరు తీరం దాదాపు డెబ్బై కిలోమీటర్లు. సగటు చూస్తే కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్ల వాలు. ఈ ఉచిత పటాల్లో ఎత్తు తప్పు మీటర్లలో ఉంటుంది. కార్టోడెమ్‌కు చెప్పుకునే ప్రమాణమే ఎనిమిది మీటర్లు. పైగా ఇవి నేలను మాత్రమే కొలవవు, చాలాచోట్ల కొబ్బరి తలలనూ, మామిడి తోపులనూ, డాబా కప్పులనూ కూడా కొలుస్తాయి. అందువల్ల వెబ్‌లో ఎవరైనా మీకు డెల్టా ముంపును ఊరూరికీ రంగులు వేసి చూపిస్తే, ముందు అడగాల్సిన ప్రశ్న ఆ రంగు ఏ ఎత్తుల పటం నుంచి వచ్చిందని. కొల్లేటి వాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. 1999లో అభయారణ్యం హద్దును +5 అడుగుల కాంటూరుగా ప్రకటించారు. ఐదడుగులంటే మీటరున్నర. మీటర్ల తప్పున్న పటంతో మీటరున్నర గీత గీస్తే ఎవరి చెరువు లోపల పడుతుందో, ఎవరిది బయట పడుతుందో దేవుడికే తెలియాలి.

ఎత్తుల పటం బాగానే ఉందనుకుందాం. క్యూజీఐఎస్ అనే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి, నీటి ప్రవాహం లెక్కకట్టే పనిముట్టును నడిపిస్తే నీలిగీతలు వస్తాయి. ఆ గీతలు కాలువ గట్టు దాకా చక్కగా వచ్చి, గట్టును ఎక్కలేక దాని వెంబడే పక్కకు తిరిగి, ఏ మూలనో పెద్ద మడుగు కడతాయి. అలాంటి మడుగు నేల మీద ఎక్కడా ఉండదు. డెల్టా నిండా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే కాలువలూ, మురుగు కాల్వలూ, రోడ్డు కట్టలూ, రైలు కట్టలే. నీళ్ళు వాటి కింద తూముల్లోంచి, కల్వర్టుల్లోంచి, సైఫన్లలోంచి, అండర్ టన్నెళ్ళలోంచి పోతాయి. మీటరు వెడల్పు తూము 30 మీటర్ల గడిలో ఎక్కడ కనబడుతుంది? ఎనికేపాడు అండర్ టన్నెల్ అంతటిది కూడా ఆకాశం నుంచి చూసేదానికి కాలువ కట్టగానే కనిపిస్తుంది. యంత్రం లెక్క ప్రకారం బుడమేరు అక్కడే ఆగిపోవాలి.

ఇక్కడ కావాల్సింది లస్కరు. ఆ కాలువ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి పక్కన కూర్చుని, ఇక్కడ తూము ఉంది, దాని పక్కది పూడిపోయింది, ఆ పైది లేఅవుట్ వేసినప్పుడు మట్టి కప్పేశారు అని చెబుతాడు. నేను తూములకని ఒక లేయర్ తెరిచి ఒక్కోదానికి చిన్న గీత గీస్తాను. పక్కన పట్టికలో వెడల్పు, అడుగు మట్టం, పనిచేస్తోందా లేదా, ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు అని నింపుతాను. ఆ గీతల వెంబడి ఎత్తుల పటాన్ని కోసి దింపి, అదే పనిముట్టును మళ్ళీ నడిపిస్తాను. నీలిగీత గట్టు కింద నుంచి అవతలికి సాగుతుంది, ఇందాకటి మడుగు మాయమవుతుంది. తర్వాత పూడిపోయిన తూములను తీసేసి ఇంకోసారి నడిపిస్తే మరో చోట, ఈసారి నిజంగానే వానాకాలంలో నిలిచే చోట, నీళ్ళు నిలుస్తాయి. ఆ రెండు ఫలితాల తేడాయే డ్రైనేజీ శాఖకు పని. ఏ తూము ముందు బాగుచేస్తే ఎన్ని ఎకరాలు తేలతాయో అందులో ఉంటుంది.

ఈ పని వెబ్ పేజీలో ఎందుకు సాగదంటే, అక్కడ ఎత్తుల పటం వాళ్ళది, పనిముట్టు వాళ్ళది, మెట్లూ వాళ్ళు పెట్టినవే. లస్కరు చెప్పిన మాట రాసుకోవడానికి చోటు ఉండదు. ఒకవేళ గుర్తు పెట్టుకునే చోటు ఇచ్చినా, ఆ గుర్తు తెర మీద చుక్కగా మిగులుతుందే తప్ప లెక్కలోకి వెళ్ళదు. డెస్క్‌టాప్‌లో పటాన్ని కోయవచ్చు, పనిముట్టు మార్చవచ్చు, పట్టికకు కొత్త గడి చేర్చవచ్చు. క్యూజీఐఎస్‌లో నడిపిన ప్రతి పనీ ఏ ఫైలు మీద, ఏ విలువలతో నడిపామో చరిత్రగా నిలిచి ఉంటుంది. మెట్లన్నిటినీ ఒక నమూనాగా కట్టి ఇంకొకరికి ఇస్తే, వాళ్ళు గుడివాడలోనో, అవనిగడ్డలోనో తమ ఫైళ్ళ మీద నడిపించుకుంటారు. ఔటర్ రింగ్ రోడ్డు తూముల లెక్క గురించి నా భయమంతా ఇక్కడే. కన్సల్టెంటు ఇచ్చిన పీడీఎఫ్‌లో తూముల బొమ్మ ఉంటుంది, వెబ్‌లో రోడ్డు గీత ఉంటుంది, ఏ వానను లెక్కలోకి తీసుకున్నారో, పక్కన పూడిన బోదెలు ఉన్నాయని చూశారో లేదో ఎవరూ తేల్చుకోలేరు.

పంటనష్టం సంగతి ఇంకా సున్నితమైంది. వరద రోజుల్లో మబ్బుల వల్ల మామూలు ఉపగ్రహ చిత్రం పనికిరాదు, రాడార్ చిత్రం కావాలి. రాడార్‌కు కదలని నీటి ఉపరితలం నల్లగా కనిపిస్తుంది. కనుక నల్లగా ఉన్నదంతా ముంపు అని గీటు పెట్టేస్తే పని తేలికగా అయిపోయినట్టుంటుంది. మన డెల్టాలో జులై, ఆగస్టుల్లో నాట్లు పడతాయి. ఆలస్యమైన చోట సెప్టెంబరు మొదట్లో కూడా మడిలో నీళ్ళు నిలిపే ఉంటాయి. కొత్తగా నాటిన మడీ, మునిగిన మడీ రాడార్‌కు ఒకే నలుపు. మరోవైపు ఇళ్ళ మధ్య నిలిచిన నీరు గోడలకు తగిలి తిరిగొచ్చే రాడార్ వల్ల తెల్లగా మెరుస్తుంది. అంటే సింగ్ నగర్ లాంటి చోట మునిగిన వీధి పొడిగా కనిపించవచ్చు, కంకిపాడులో నాటు వేసిన మడి మునిగినట్టు కనిపించవచ్చు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ శాస్త్రవేత్తలకు ఇవన్నీ తెలుసు, వరదకు ముందటి చిత్రంతో పోల్చి జాగ్రత్తగానే చేస్తారు. కానీ ఆ పటం వెబ్‌లోకి ఎక్కాక మిగిలేది రంగు ఒక్కటే. పంట 33 శాతానికి తగ్గకుండా నష్టపోతేనే ఇన్‌పుట్ సబ్సిడీ. తన మడి ఆ రంగు బయట ఎందుకు పడిందో అడిగే హక్కు రైతుకు ఉండాలి, చెప్పగల ఫైలు మండలంలో ఉండాలి. చిత్రం తేదీ, అది తీసిన గంట, నలుపుకు పెట్టిన గీటు, ముందటి చిత్రంగా దేన్ని తీసుకున్నారు, ఈ నాలుగు తెలిస్తే వ్యవసాయ సహాయకుడు ఆ ఊరి నాట్ల తేదీలు పక్కన పెట్టి నిజం తేల్చగలడు.

వెబ్ అంటే బొమ్మలేనా, గూగుల్ ఎర్త్ ఇంజిన్ లేదా అని నా తోటి పనివాళ్ళు అడుగుతారు. ఉంది, గొప్పది. కొల్లేటిలో చేపల చెరువులు ముప్ఫై ఏళ్ళలో ఎలా పాకాయో లాండ్‌శాట్ చిత్రాలన్నిటి మీదా చూడాలంటే ఆ డేటా అంతా దించుకుని ఇంట్లో కంప్యూటర్ మీద చేయడం తెలివితక్కువ పని. ఎర్త్ ఇంజిన్‌లో నాలుగు వరుసల కోడ్ రాస్తే గంట లోపు తేలుతుంది. అందులో మెట్లు దాచరు, కోడ్ అక్కడే ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వవచ్చు. కనుక నేను వెబ్‌కు వ్యతిరేకిని కాను. అది కూడా అద్దె ఇల్లే అన్నది మాత్రం మరిచిపోకూడదు. జిల్లా తన సొంత డ్రోన్ సర్వేను, ఊరి తూముల పట్టికను పరాయి సర్వరు మీద ఎక్కించి, లెక్క కూడా అక్కడే దాచుకుంటే రేపు ఆ తలుపు మూసేస్తే చేయగలిగింది లేదు. గూగుల్ మ్యాప్ మేకర్‌ను 2017లో మూసేశారు, ఫ్యూజన్ టేబుల్స్‌ను 2019 డిసెంబరులో మూసేశారు. రెండిటి మీదా ఎంతోమంది ఏళ్ళు పనిచేశారు. కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. డెల్టా రికార్డులకు ఆ వయసు ఉండాలని కోరుకుంటాను, ఒక కంపెనీ పథకం వయసు కాదు.

డబ్బు గురించి మీరు అడగకముందే చెబుతాను. ఆర్క్‌జీఐఎస్ లాంటి లైసెన్సు సాఫ్ట్‌వేర్ మంచిదే, ఖరీదు. క్యూజీఐఎస్ అలా కాదు. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచం నలుమూలల నుంచి ఎందరో కలిసి పెంచుతున్నారు. లైసెన్సు ఖర్చు సున్నా. మన ఆఫీసుల్లో ఇప్పుడున్న కంప్యూటర్ల మీద ఒక మండలం పని హాయిగా నడుస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, వరద రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. టవర్లు ఆగిపోయిన పూట వెబ్ డాష్‌బోర్డు తెరవలేం కదా. పొలంలో తిరిగేటప్పుడు క్యూఫీల్డ్ అనే ఆప్‌లో అదే లేయర్లు ఫోన్లో తీసుకుపోయి తూమును అక్కడే నమోదు చేసి, సాయంత్రం ఆఫీసుకొచ్చి కలుపుకోవచ్చు.

మనుషులు కూడా ఉన్నారు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక సర్వేయరు, ఇంజనీరింగ్ సహాయకుడు ఊరి దాకా వచ్చారు. 2020 డిసెంబరులో అప్పటి కృష్ణా జిల్లాలోనే, జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే మొదలైంది. ఆ పనిలో ఈ పిల్లలు రోవర్లు మోశారు, డ్రోన్ చిత్రాల మీద గట్లు గీశారు. సెంటీమీటర్ల కొలత తెలిసిన చేతులవి. రీసర్వే మీద ప్రజల ఫిర్యాదులు వేరే కథ, ఇక్కడ దాని జోలికి పోను. నేను చూసినంతలో వాళ్ళకు గీయడం నేర్పారు, విశ్లేషణ నేర్పలేదు. ఒక లేయరును ఇంకో లేయరుతో ఖండించడం, విస్తీర్ణం సరైన ప్రొజెక్షన్‌లో కట్టడం, నీటి ప్రవాహం నడిపించడం నేర్పితే చాలు, మండలానికి ఇద్దరు ముగ్గురు గట్టివాళ్ళు తేలతారు. కానూరులోనూ, గుడ్లవల్లేరులోనూ ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. సివిల్ విద్యార్థుల చివరి ఏడాది ప్రాజెక్టుకు ఎక్కడి ఊళ్ళో ఎందుకు, మన మండలాల తూముల పట్టిక ఉండగా?

డ్రోన్ చిత్రాల గురించి ఇంకొక్క మాట. ఒకదానిపై ఒకటి పడేలా తీసిన ఆ చిత్రాల నుంచి పొలాల హద్దులే కాదు, నేల ఎత్తుల నమూనా కూడా తీయవచ్చు. నేల మీద సరైన నియంత్రణ బిందువులు ఉంటే అది ఉచిత ఉపగ్రహ పటాల కంటే ఎన్నో రెట్లు నమ్మకమైనది. ఎకరాల లెక్కకు తీసిన చిత్రాలు అలమారులో ఉండగా, ముంపు లెక్కకు మాత్రం ఆకాశం నుంచి ఎనిమిది మీటర్ల తప్పుతో తెచ్చుకోవడం నాకు కష్టంగా అనిపిస్తుంది. కేంద్రం 2021 ఫిబ్రవరిలో భౌగోళిక డేటా నిబంధనలు సడలించింది, 2022 డిసెంబరులో జాతీయ భౌగోళిక విధానం ప్రకటించింది. ప్రజల డబ్బుతో సేకరించిన డేటా ప్రజలకు అందాలన్న ఉద్దేశం వాటిలో ఉంది. వ్యక్తుల పేర్లూ, హక్కుల వివరాలూ తీసేసి ఎత్తులు మాత్రమే ఇవ్వడానికి అడ్డేమీ లేదనుకుంటాను.

కాబట్టి మీ స్థాయిలో జరగగలిగినవే అడుగుతున్నాను. జిల్లా పేరుతో వెబ్‌లో పెట్టే ప్రతి ముంపు మ్యాపు పక్కనా ఫైలు దించుకునే బొత్తాం ఉండాలి, అందులో లేయర్లన్నీ ఉండే జియోప్యాకేజీ ఫైలుతోపాటు ప్రొజెక్షన్ పేరు, ఎత్తుల పటం పేరు, తేదీలు, నడిపించిన మెట్లు ఉన్న చిన్న పత్రం ఉండాలి. ఔటర్ రింగ్ రోడ్డు కృష్ణా జిల్లా భాగానికి సంబంధించి రోడ్డు గీత, కట్ట ఎత్తు, ప్రతిపాదించిన తూముల స్థానాలు, వెడల్పులు, అడుగు మట్టాలు మాకు పీడీఎఫ్ బొమ్మగా కాక లేయర్లుగా ఇప్పించాలి, అదీ టెండర్లు పిలవకముందే. నీటిపారుదల, డ్రైనేజీ, రెవెన్యూ శాఖల నుంచి ఒక్కొక్కరిని తీసి కలెక్టరేట్‌లో ఒక చిన్న విశ్లేషణ గది పెట్టించండి. లస్కర్లను ఆ గదికి పిలిపించి కూర్చోబెట్టండి. వాళ్ళలో చాలామంది పదవీ విరమణకు దగ్గరపడ్డారు, వాళ్ళ తలల్లో ఉన్న తూములు ఏ పటంలోనూ లేవు. ఇది ఈ వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో జరిగితే మేలు. తూముల అడుగు మట్టం అప్పుడే కంటికి కనబడుతుంది.

కంకిపాడు మండలంలో నాకు తెలిసినంత మేరకు తూములు, కల్వర్టులు నమోదు చేసిన లేయరు నా దగ్గర ఉంది. ఇంకా చాలా గడులు ఖాళీ. బందరు రోడ్డుకు ఉత్తరాన ఉన్న ఊళ్ళవి కొంత నిండాయి, ఏటివైపు మద్దూరు దిక్కున చేయాల్సింది చాలా ఉంది. మీ సర్వేయర్లు నింపుకుంటారంటే పట్టిక ఖాళీ నమూనాతో సహా తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చేస్తాను. వాళ్ళు కూర్చోమంటే పక్కన కూర్చుని నేర్పుతాను. దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
కంకిపాడు నివాసి, జీఐఎస్ విశ్లేషణ వృత్తిలో ఉన్న ఒక వ్యక్తి. ఎవరి తరఫునా కాక, నా ఒక్కరి పేరునే.